20 మి.మీ. దాటిన చదును పాలిప్‌కి కోల్డ్ స్నేర్: ట్రయల్స్ అంకెలు ఎందుకు తిరగబడ్డాయి?

సీకందాకా
పెద్దపేగు పొర మీద మొలిచే చిన్న పాలిప్‌లకు కోల్డ్ స్నేరే (కరెంటు లేకుండా వైరు ఉచ్చుతో కోసి తీయడం; కరెంటుతో కాలుస్తూ కోస్తే హాట్) మేలన్న విషయంలో 2023 తైవాన్ ట్రయల్ తర్వాత పెద్దగా వాదన మిగల్లేదు. 4–10 మి.మీ. పాలిప్‌లున్న 4,270 మందిని తీసుకుంటే, ఇంటికి వెళ్లాక రక్తం పోయినవాళ్లు కోల్డ్‌లో 0.4 శాతం, హాట్‌లో 1.5 శాతం. ఇదే పద్ధతిని 20 మి.మీ. దాటిన చదును గడ్డల మీద పెట్టి చూసిన జర్మనీ క్రానికల్ ట్రయల్ (2024) దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. పెద్ద కాంప్లికేషన్లు 7.9 నుంచి 1.0 శాతానికి దిగాయి. అదే సమయంలో, ఫాలో-అప్‌లో మిగిలి కనిపించిన అడినోమా (క్యాన్సర్‌గా మారగల గడ్డ) 13.8 నుంచి 23.7 శాతానికి ఎక్కింది.

నా ఫిర్యాదు ఒక్కటే. జర్నల్ క్లబ్బుల్లో ఈ రెండింటినీ కలిపి "కోల్డ్ భద్రం, కోల్డే చేద్దాం" అని తేల్చేస్తున్నారు. ఇలాంటి ట్రయల్ ఇక్కడ కొత్తగా రాయాలంటే ప్రైమరీ ఎండ్‌పాయింట్‌గా (ఫలితాన్ని తేల్చే ముఖ్య కొలమానంగా) దేన్ని పెట్టాలి? చిల్లు, రక్తస్రావమా? మళ్లీ రావడమా?

ఓరుగల్లు_జీఐ
మళ్లీ రావడమే. గడ్డ తీసేది క్యాన్సర్ ఆపడానికి. నలుగురిలో ఒకరికి మిగిలిపోతే తీసినట్టు ఎట్ల అయితది?

నీలిరంగు_సిరంజి
అంత తేలిగ్గా తేల్చకండి. మిగిలింది 3–4 మి.మీ. ముక్క అయితే ఆరు నెలల చెకప్‌లో మళ్లీ స్నేర్ వేసి తీసేయొచ్చు, చాలావరకు అక్కడితో అయిపోతుంది. చిల్లు పడితే? క్రానికల్‌లో చిల్లు హాట్‌లో 3.9 శాతం, కోల్డ్‌లో సున్నా. 70 ఏళ్ల మనిషికి ఈ రెండూ ఒకే తూకం అంటే నేను ఒప్పుకోను.

ఓరుగల్లు_జీఐ
ఆరు నెలలకు తిరిగొస్తేనే ఆ మాట. రాకపోతే?

ఎండోబల్ల_అక్క
ఎండ్‌పాయింట్ సంగతి తేల్చేముందు, కోల్డ్ అన్న మాటకు అందరి అర్థం ఒకటేనా చూసుకోండి. చిన్న పాలిప్‌కి చేసే కోల్డ్ వేరు, పెద్ద గడ్డని ముక్కలుగా తీసే కోల్డ్ వేరు.

చిన్నదానికి గడ్డని పైకి లేపడానికి కింద ద్రవం ఎక్కించే ఇంజెక్షన్ అక్కర్లేదు. 9–10 మి.మీ. సన్నవైరు స్నేర్, వైరు మందం 0.3 మి.మీ. దగ్గర ఉన్నది తీసుకుంటారు. పాలిప్‌ని 5–6 గంటల ముల్లు దిక్కుకి తెచ్చుకుని, చుట్టూ 2–3 మి.మీ. మామూలు పొర కూడా లోపలికి వచ్చేలా స్నేర్ పరిచి, షీత్‌ని (వైరు బయటికొచ్చే గొట్టాన్ని) గోడకి ఆనించి, కొంచెం గాలి లాగి, ఒకే ఊపున నెమ్మదిగా మూయాలి. హాట్‌లో చేసినట్టు పైకి ఎత్తకూడదు. ఎత్తితే గుడారంలా లేచి కింది పొర కూడా స్నేర్‌లో ఇరుక్కుంటుంది, తెగదు.

తెగకుండా ఆగిపోతే హ్యాండిల్‌ని గుంజొద్దు. అర మిల్లీమీటరు వదులు చేసి, లోతుగా చిక్కిన కండని జారనిచ్చి, మళ్లీ మూయాలి. అటకాయించింది కదా అని అప్పుడు కరెంటు పెడల్ తొక్కితే, ఇంజెక్షన్ లేకుండా కండరాన్ని కాల్చినట్టే. ట్రయల్‌లో అయితే ఆ కేసు ఏ ఆర్మ్‌లో (చీటీ వేసినట్టు పంచిన గుంపులో) ర్యాండమైజ్ అయిందో ఆ ఆర్మ్‌లోనే లెక్కలోకి రావాలి, కరెంటు వాడామని మాత్రం ఫారంలో రాయాలి.

స్నేర్‌వైరు
అక్క చెప్పినదానికి ఇంకో రెండు మాటలు. తెగిన చోట నీళ్ల జెట్ కొట్టి పుండుని ఉబ్బించి చూడాలి. రక్తపు చెమ్మ ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది, అంచులు విచ్చుకుని మిగిలిన పొర ఏదైనా ఉంటే కనిపిస్తుంది. పుండు మధ్యలో తెల్లటి తాడు లాంటిది పొడుచుకొస్తే కంగారు అక్కర్లేదు. అది చాలావరకు సబ్‌మ్యూకోసా (పై పొర కింది మెత్తటి పొర), మస్క్యులారిస్ మ్యూకోసా (పై పొర అడుగున ఉండే సన్నటి కండ) పోగు. కొత్తవాళ్లు దాన్ని మిగిలిన పాలిప్ అనుకుని "అసంపూర్ణం" అని టిక్ పెడతారు. ఆ టిక్‌తో ట్రయల్ ఫలితమే మారిపోతుంది.

సీకందాకా
అందుకే అడుగుతున్నా. "పూర్తిగా తీశాం" అన్నది ఎవరు చెప్పాలి? తీసినవాళ్లేనా?

పాథాలజీ_స్లైడు
తీసినవాళ్ల కంటిని నమ్మకూడదని 2013లో కేర్ స్టడీయే చూపించింది. అంతా పోయిందని డాక్టర్ అనుకున్నాక అంచుల్లో బయాప్సీ తీశారు. 5–20 మి.మీ. పాలిప్‌లు 346 చూస్తే 10.1 శాతంలో ఇంకా మిగిలి ఉంది. 10 మి.మీ. దాటినవాటిలో 17.3 శాతం, సెసైల్ సెర్రేటెడ్ గడ్డల్లో (రంపపు పళ్లలాంటి గ్రంథులున్న చదును రకం) ఏకంగా 31 శాతం. అసలు గమనించాల్సింది ఏమిటంటే డాక్టర్‌ని బట్టి ఇది 6.5 నుంచి 22.7 దాకా ఊగింది. స్నేర్‌కీ స్నేర్‌కీ మధ్య తేడా వెతకబోయి, చేతికీ చేతికీ మధ్య తేడా కొలిచి వస్తాం.

గణితం_గది
ఇది మరీ ముఖ్యం. ర్యాండమైజేషన్‌ని సెంటర్ వారీగానే కాదు, వీలైతే ఆపరేటర్ (తీసే డాక్టర్) వారీగా కూడా స్ట్రాటిఫై చేయాలి, అంటే ఒక్కొక్కరి కేసులు రెండు ఆర్మ్‌లకీ సమానంగా పడాలి. లేకపోతే చెయ్యి తిరిగిన డాక్టర్ కేసులు ఒక ఆర్మ్‌లో గుమికూడితే ఆ ఆర్మ్ గెలుస్తుంది.

ఇంకోటి, లెక్క పాలిప్‌కా, మనిషికా? ఒకే మనిషి పేగులో మూడు గడ్డలుంటే అవి మూడు స్వతంత్ర గడ్డలు కావు. మందులు ఒకటే, ప్రిపరేషన్ (పేగు కడిగే మందు) ఒకటే, చేసిన చెయ్యి ఒకటే. రక్తస్రావం మనిషికి, పూర్తిగా తీయడం గడ్డకి లెక్కించి, గడ్డల లెక్కలో ఒకే మనిషివి కలిసి ఉన్నాయన్న సర్దుబాటు చేయాలి. అన్నిటికంటే సులువు, ఒక్కొక్కరికి ఒక పెద్ద గడ్డనే చేర్చుకోవడం.

విశాఖ_స్కోప్
4–9 మి.మీ.కి జపాన్ క్రెసెంట్ ట్రయల్ (2018) ఉందిగా. పూర్తిగా తీసింది కోల్డ్‌లో 98.2, హాట్‌లో 97.4. అక్కడ బయాప్సీ లెక్కలోనూ తేడా రాలేదు. అంటే చిన్నవాటికి గొడవ లేదు, సమస్యంతా పెద్దవాటి దగ్గరే. సైజు పెరిగితే కోల్డ్ ఎందుకు వదిలేస్తోంది?

స్నేర్‌వైరు
నాకు తెలిసి మూడు కారణాలు.

మొదటిది లోతు. కోల్డ్ కోత పైపైన పోతుంది, మస్క్యులారిస్ మ్యూకోసా చాలాచోట్ల గోడకే మిగిలిపోతుంది. అడినోమా గ్రంథులు అక్కడిదాకా దిగి ఉంటే అవీ మిగులుతాయి. రెండోది ముక్కల సంఖ్య. సన్నవైరుతో ఒక్కో ముక్క 10 మి.మీ. లోపే. 40 మి.మీ. గడ్డకి ఎన్ని కోతలు, ఎన్ని అతుకులో లెక్కేయండి. ప్రతి కోత పక్క కోత అంచు మీదకి ఎక్కాలి, లేదంటే మధ్యలో పిలకలు మిగులుతాయి. మూడోది అంచు. హాట్‌లో వేడి కంటికి కనిపించని అంచుని కూడా కాస్త కాలుస్తుంది, కోల్డ్‌లో ఆ అదనం లేదు.

క్రానికల్‌లోనే కోల్డ్ ఆర్మ్‌లో మిగిలిపోవడానికి కలిసొచ్చిన కారణాలు రెండు తేలాయి: 4 సెం.మీ. అంతకు మించిన సైజు, హై గ్రేడ్ డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కి దగ్గరైన కణాల మార్పు).

నీలిరంగు_సిరంజి
అంటే 20–30 మి.మీ. మెత్తటి చదును గడ్డ వేరు, 45 మి.మీ. గుండుతో ఉన్నది వేరు. ఒకే ట్రయల్‌లో రెండూ పోసి సగటు తీస్తే ఆ సగటు ఎవరికీ పనికిరాదు.

సెర్రేటెడ్‌వి ఇంకా వేరు. 20 మి.మీ. దాటిన సెర్రేటెడ్ గడ్డల మీద 2021 ఆస్ట్రేలియా లెక్కల్లో మళ్లీ రావడం కోల్డ్‌లో 4.3, హాట్‌లో 4.6 శాతం. హాట్‌లో 5.1 శాతానికి ఆలస్యంగా రక్తం పోయింది, 3.4 శాతానికి గోడ లోతుగా దెబ్బతింది, కోల్డ్‌లో ఆ రెండూ లేవు. అవి పల్చగా పొర మీద పాకుతాయి కాబట్టి కోల్డ్ కోత లోతు చాలు.

గణితం_గది
అది ర్యాండమైజ్ చేసింది కాదు అని కూడా చెప్పండి. కోల్డ్ 156, హాట్ 406. సెంటర్లు పద్ధతి మార్చుకున్న కాలాన్ని బట్టి పడిన గుంపులవి.

నీలిరంగు_సిరంజి
ఒప్పుకుంటా. అయినా ప్రోటోకాల్‌లో సెర్రేటెడ్‌ని విడిగా పెట్టడానికి ఆ మాత్రం ఆధారం చాలు.

ఓరుగల్లు_జీఐ
స్నేర్‌వైరన్నా చెప్పిన మూడో కారణం దగ్గర ఆగండి. అంచు కాల్చుడు గురించి ఆస్ట్రేలియా వాళ్ల ట్రయల్ ఉంది కదా, 2019ల వచ్చింది. హాట్‌తోటి ముక్కలుగా తీసినంక, స్నేర్ కొస బయటకి పెట్టి సాఫ్ట్ కోయాగ్ (కోయకుండా మెల్లగా కాల్చే కరెంటు), 80 వాట్లు, ఎఫెక్ట్ 4, అంచు మొత్తం తెల్లగా అయ్యేదాక కాలుస్తరు. మళ్లీ రావడం 21.0 నుంచి 5.2కి దిగింది. 390 మంది. నా దృష్టిల ఈ పద్ధతికి ఇంతకన్నా పెద్ద లాభం తెచ్చిన ట్రయల్ లేదు. మీ హాట్ ఆర్మ్‌ల అంచు కాల్చకపోతే అది పాతకాలపు కంట్రోల్ అయితది. ఓడిపోయేటోణ్ణి ఎదురు నిలబెట్టి గెలిచినట్టు ఉంటది.

ఎండోబల్ల_అక్క
అవును, అంచు కాల్చడం కూడా సరిగ్గా చేయాలి. స్నేర్ కొస 1–2 మి.మీ. మాత్రమే బయటికి. చుట్టూ 2–3 మి.మీ. తెల్లటి పట్టీ ఎక్కడా తెగకుండా రావాలి. కంటికి కనిపించే అడినోమా మిగిలి ఉండగా దాన్ని కాల్చి సరిపెట్టడానికి కాదు ఇది. ముందు అంతా కోసేయాలి, ఆ తర్వాతే అంచు. ప్రోటోకాల్‌లో "అంచు పూర్తిగా కాల్చాం" అన్నదానికి ఫొటో అడగండి, ఉత్త టిక్ వద్దు.

సీకందాకా
హాట్ ఆర్మ్‌లో అంచు కాల్చడం తప్పనిసరి అని రాసుకున్నాను. అప్పుడు హాట్‌లో మళ్లీ రావడం 5 శాతం దగ్గరికి దిగుతుంది, కోల్డ్‌కి గెలుపు ఇంకా కష్టం కదా?

గణితం_గది
గెలవాల్సిన పని లేదు, నాన్-ఇన్‌ఫీరియారిటీ (తీసిపోదు అని చూపించడం) పెట్టండి. కానీ మార్జిన్ (ఎంత తేడా వరకు ఓర్చుకుంటామన్న హద్దు) దగ్గర నిజాయితీగా ఉండాలి. రెండు ఆర్మ్‌ల్లోనూ 15 శాతం వస్తుందనుకుని, 10 శాతం మార్జిన్ పెడితే 80 శాతం పవర్‌కి (నిజంగా తీసిపోకపోతే అది తేలే అవకాశానికి) ఆర్మ్‌కి 200 మంది చాలు. మార్జిన్ 5కి తగ్గించారా, ఆర్మ్‌కి 800. సగం చేస్తే నాలుగింతలు. చాలామంది 10 పెట్టేది ఇందుకే. కానీ 5 శాతం మళ్లీ వచ్చే పద్ధతికి 15 శాతం వచ్చే పద్ధతి "తీసిపోదు" అని రాస్తే చదివేవాళ్లు ఒప్పుకుంటారా? మార్జిన్ ఎందుకంత అన్నది డాక్టర్లు చెప్పాలి, లెక్కల మనిషి కాదు.

విశాఖ_స్కోప్
ఆలస్య రక్తస్రావాన్ని ఎలా లెక్కిస్తారో కూడా ఇప్పుడే తేల్చండి. తైవాన్ వాళ్లు 14 రోజులు చూశారు. 20 మి.మీ. దాటిన గడ్డల మీద క్లిప్ ట్రయల్ (2019, 919 మంది) 30 రోజులు చూసింది, అదీ ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రమైనవే. ఒకరు మరుగుదొడ్డిలో ఎర్రచుక్క కూడా రాస్తే, ఇంకొకరు రక్తం ఎక్కించాల్సి వస్తేనే రాస్తే, రెండు శాతాలనీ పక్కపక్కన పెట్టి ఏం లాభం?

స్నేర్‌వైరు
ఆ క్లిప్ ట్రయల్ ఫలితం కూడా ఇక్కడికి అవసరమే. పుండుని చిన్న లోహపు క్లిప్‌లతో మూస్తే 3.5, మూయకపోతే 7.1 శాతం. ఆ లాభం దాదాపు అంతా కుడివైపు పేగుదే, అక్కడ 9.6 నుంచి 3.3. కాబట్టి హాట్ ఆర్మ్‌లో కుడివైపు గడ్డని క్లిప్‌లతో మూస్తారా లేదా రాయాలి. మూస్తే కోల్డ్‌కి ఉన్న రక్తస్రావం లాభంలో కొంత పోతుంది. మూయకపోతే హాట్‌కి అన్యాయం.

హాట్‌లో రక్తం ఎందుకు ఆలస్యంగా పోతుందంటే, వేడి కింది రక్తనాళాన్ని కూడా దెబ్బతీసి పైన పెచ్చు కట్టిస్తుంది. ఆ పెచ్చు రోజుల తర్వాత ఊడుతుంది. కోల్డ్‌లో పోయేది అప్పుడే, కళ్లముందే పోతుంది.

మందులచీటీ
రక్తం పల్చబడే మందుల మాట ఎవరూ ఎత్తలేదు. 2019లో జపాన్‌లో ఒక ట్రయల్, చిన్న పాలిప్‌లున్నవాళ్ల మీద. ఒక గుంపు మందు ఆపకుండా కోల్డ్ స్నేర్, ఇంకో గుంపు హెపరిన్ బ్రిడ్జింగ్‌తో (మందు ఆపి ఆ మధ్యలో హెపరిన్ ఇస్తూ) హాట్ స్నేర్. పెద్ద రక్తస్రావం 4.7కి 12.0 శాతం. ఫలితం పనికొచ్చేదే, కానీ రెండు మార్పులు ఒకేసారి చేశారు. తగ్గింది స్నేర్ వల్లా, హెపరిన్ లేకపోవడం వల్లా విడదీయలేం. మీ ట్రయల్‌లో మందుల నియమం రెండు ఆర్మ్‌లకీ ఒకటే ఉంచండి.

కొత్తస్కోపు
ప్రశ్న. ఇంత గొడవ ఎందుకు, పెద్దగడ్డని ఈఎస్‌డీతో (పొర కింద కోసుకుంటూ విడదీసే పద్ధతితో) ఒకే ముక్కగా తీస్తే పోదా? ఫ్రాన్స్ ట్రయల్‌లో (2024) 25 మి.మీ. దాటినవాటికి ఆరు నెలలకు 0.6 శాతమే మళ్లీ వచ్చింది, ముక్కలుగా తీస్తే 5.1.

నీలిరంగు_సిరంజి
ఆ 5.1ని జాగ్రత్తగా చూడండి. ముక్కలుగా తీసినా సరిగ్గా చేస్తే 5 దగ్గర ఆగుతుందన్నమాట. ఈఎస్‌డీలో సమయం ఎక్కువ, కాంప్లికేషన్లూ ఎక్కువే వచ్చాయి. చేసినవాళ్లు ఈఎస్‌డీలో ఆరితేరినవాళ్లు. ఆ చేతులు ప్రతి ఊళ్లో ఉండవు.

పాథాలజీ_స్లైడు
ఈఎస్‌డీకి నా వైపు నుంచి ఒక ఓటు, ఒక్క సందర్భంలో మాత్రమే. క్యాన్సర్ సబ్‌మ్యూకోసాలోకి దిగి ఉండొచ్చన్న అనుమానం ఉంటే ఒకే ముక్క కావాలి. కోల్డ్ ముక్కల్లో నాకు సబ్‌మ్యూకోసా దాదాపు రాదు, లోతు అంచు గురించి ఏమీ చెప్పలేను. పది ముక్కలు ఒకే సీసాలో వచ్చాక పక్క అంచూ చెప్పలేను. అందుకే ట్రయల్‌లో చేర్చే ముందు ఎన్‌బీఐలో (స్కోప్‌లోని ప్రత్యేక వెలుతురులో) పొర గీతలు చూడండి. ఆ గీతల వర్గీకరణల్లో క్యాన్సర్ అనుమానపు తరగతులైన నైస్ 3, జేనెట్ 2బీ, 3 అనిపిస్తే, కూడో పిట్ (గ్రంథుల నోళ్ల) ప్యాటర్న్ ఐదు అనిపిస్తే చేర్చకండి. మధ్యలో గుంట పడినవీ, ఇంజెక్షన్‌కి లేవనివీ కూడా.

విశాఖ_స్కోప్
ఇంజెక్షన్‌కి లేవకపోవడానికి పాత బయాప్సీ మచ్చ కూడా కారణం కావచ్చు. ముందు ఎవరో "చూద్దాం" అని గడ్డ మధ్యలోంచి నాలుగు ముక్కలు తీసి ఉంటే కింద అతుక్కుపోతుంది. రిఫరల్ ఫారంలో ఆ గడి పెట్టండి.

కొత్తస్కోపు
ఇంకో చిన్న ప్రశ్న. గడ్డని కనిపెట్టే ట్రయల్స్‌లో కూడా ఇలాగే ఎండ్‌పాయింట్ గొడవ ఉందా? తెర మీద గడ్డని గుర్తించి చూపే ఏఐ బాక్స్ పెడితే అడినోమాలు పెరుగుతున్నాయని చదివాను.

గణితం_గది
ఉంది, ఇంకా ఎక్కువ. 2020 ఇటలీ ట్రయల్‌లో 685 మందిలో ఏడీఆర్ (కనీసం ఒక అడినోమా దొరికినవాళ్ల శాతం) 40.4 నుంచి 54.8కి పెరిగింది. పెరిగినవి చాలావరకు 10 మి.మీ. లోపువే. స్పెయిన్‌లో మల పరీక్ష పాజిటివ్ వచ్చిన 3,213 మందిలో చూస్తే, ముదిరిన గడ్డలు ఏఐతో 34.8, లేకుండా 34.6. తేడానే లేదు. ఏడీఆర్ ఒక మనిషికి ఒక్క అడినోమా దొరికితే చాలంటుంది. ఒకటి దొరికాక మిగతావి వదిలేసినా ఆ అంకె తగ్గదు.

నీలిరంగు_సిరంజి
బ్లైండింగ్ (ఎవరు ఏ ఆర్మో తెలియనివ్వకపోవడం) అంటే ఎంత కష్టమో చెప్పే ట్రయల్ ఒకటి గుర్తొచ్చింది. ప్రిపరేషన్‌తో పాటు మిథిలీన్ బ్లూ మాత్ర 200 మి.గ్రా. ఇస్తే పేగంతా కృష్ణాష్టమికి రంగేసినట్టు నీలంగా అవుతుంది. డాక్టర్‌కి ఏ ఆర్మో చూడగానే తెలిసిపోతుంది. అందుకని 100 మి.గ్రా. ఆర్మ్ ఇంకొకటి పెట్టారు, కేవలం ఎవరికి ఎంత పడిందో ఊహించలేకుండా చేయడానికి. ఏడీఆర్ 47.81 నుంచి 56.29కి పెరిగింది. మన స్నేర్ ట్రయల్‌లో ఆ అవకాశం లేదు, తీసేవాళ్లకి చేతిలో ఏముందో తెలుసు.

పాథాలజీ_స్లైడు
తీసేవాళ్లకి తెలిసినా ఆరు నెలలకు చూసేవాళ్లకి తెలియకూడదు. స్లైడు చూసే నాకూ తెలియకూడదు. అయితే హాట్ ముక్క అంచు కాలి ఉంటుంది, నాకు వెంటనే తెలిసిపోతుంది. కాబట్టి బ్లైండింగ్ నిలిచేది మచ్చ బయాప్సీ దగ్గరే. ఫాలో-అప్ వేరే డాక్టర్ చేయాలి.

ఓరుగల్లు_జీఐ
మళ్లీ నా మొదటి ప్రశ్నకే వస్తున్న. ఇక్కడ పెద్దపేగు క్యాన్సర్‌కి దేశవ్యాప్త స్క్రీనింగ్ లేదు, ప్రభుత్వం చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. అందుకే మన దగ్గరికి పెద్ద గడ్డలు రక్తం పడ్డంకనో, రక్తహీనత కోసం చూస్తుంటేనో వస్తయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చి గడ్డ తీయించుకున్న మనిషి బాగున్నంక ఆరు నెలలకు మళ్లీ ప్రిపరేషన్ తాగి వస్తడా? రానోళ్లను లెక్కలకెళ్లి తీసేస్తే వచ్చే శాతం నిజం కాదు. ఫాలో-అప్ కొలనోస్కోపీ ఖర్చు, బస్సు కిరాయి బడ్జెట్‌ల పెట్టాలె. 14వ రోజు, 30వ రోజు ఫోన్ చేసే మనిషి పేరు ప్రోటోకాల్‌ల ఉండాలె.

గణితం_గది
ఏడీఆర్ ట్రయల్‌కి అయితే ఇక్కడ ఇంకో అడ్డంకి. అడినోమాలే తక్కువ. ఏడీఆర్ 20 నుంచి 25కి పెరుగుతుందని చూపించడానికి ఆర్మ్‌కి దాదాపు 1,090 మంది. 10 నుంచి 12.5కి అయితే, అదే పావు వంతు పెరుగుదలే, 2,500 కావాలి. బయటి దేశాల సంఖ్యలు తెచ్చి ఇక్కడ సాంపుల్ సైజు కట్టొద్దు.

సీకందాకా
ఇంతవరకు పట్టుకున్నది రాస్తున్నా, తప్పుంటే దిద్దండి. 20–40 మి.మీ. చదును అడినోమాలు మాత్రమే, సెర్రేటెడ్‌వి విడి గుంపు. హాట్ ఆర్మ్‌లో అంచు కాల్చడం, కుడివైపు అయితే క్లిప్‌లు. ప్రైమరీ, ఆరు నెలలకు మచ్చ మీద బయాప్సీతో తేలిన అడినోమా. చిల్లు, 30 రోజుల తీవ్ర రక్తస్రావం సెకండరీ. సీటీఆర్‌ఐలో (దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో) మొదటి పేషెంట్ కంటే ముందే రిజిస్టర్ చేస్తాం.

నీలిరంగు_సిరంజి
ప్రైమరీ మీద నాకు ఇంకా అభ్యంతరమే. కనీసం ఏడాదిన్నర దగ్గర రెండో చెకప్ పెట్టి, "చివరికి స్కోప్‌తోనే పూర్తిగా పోయిందా, ఆపరేషన్ దాకా వెళ్లిందా" అన్నదాన్ని ముఖ్య సెకండరీ చేయండి. రోగికి అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

సీకందాకా
సరే, చేర్చాను.

ఎండోబల్ల_అక్క
మచ్చ బయాప్సీ అన్నారు కాబట్టి చివరగా ఒకటి. క్లిప్ పెట్టిన చోట ఆరు నెలలకు గడ్డలు గడ్డలుగా ఉబ్బు ఉంటుంది, మళ్లీ వచ్చినట్టే అనిపిస్తుంది. దగ్గరగా వెళ్లి ఎన్‌బీఐ పెడితే పిట్‌లు మామూలుగానే ఉంటాయి. మీ క్లిప్‌లన్నీ హాట్ ఆర్మ్‌లోనే ఉన్నాయి కదా, ఫొటో చూసి "వచ్చింది" అని రాసేస్తే ఆ ఆర్మ్‌కే దెబ్బ. ప్రతి మచ్చకీ తెల్ల వెలుతురులో ఒకటి, ఎన్‌బీఐలో ఒకటి ఫొటో తీసి, కనిపించినా కనిపించకపోయినా మచ్చ మధ్యలోంచీ అంచులోంచీ వేర్వేరు సీసాల్లో బయాప్సీ పంపండి. సీసా మీద ర్యాండమైజేషన్ నంబరే రాయండి, ఆర్మ్ పేరు రాయకండి.